బేగమ్మతో గొర్రెల కాపు

ఏప్రిల్ 28, ఆదివారం

బేగం వచ్చేసింది. ప్రొద్దుటూరు నుంచి చక్రాయపేట దాకా మినీ లారీలో నిలబడే వచ్చింది. దిగగానే మా కొట్టాన్ని ఒకసారి కలియజూసింది, పెళ్లివారు విడిదిని చూసినట్టు.

బేగం గుర్రం. తెల్లది. నాతో పాటు పులివెందులలో పది చదివిన అద్నాన్ మేనమామ ముబారక్‌ది. పెళ్లికొడుకులను ఊరేగించడం దాని ఉద్యోగం. ఇప్పుడు మూఢం, పెళ్లిళ్లు పలచబడ్డాయి. పైగా ఈ కాలం పెళ్లికొడుకులు పూలు కట్టిన కార్లే అడుగుతున్నారట. అందుకని ముబారక్ మామ దాన్ని ఒక ఇటుక బట్టీ యజమానికి అమ్మాలనుకున్నాడు. బట్టీలో బండి లాగాలి. ఆ మాట విని అద్నాన్ అన్నం మానేశాడు. (మధ్యాహ్నం పూట మాత్రమే.) మామ మెత్తబడి మే నెలాఖరు దాకా గడువు ఇచ్చాడు. ఆలోపల బేగంను బాగా చూసుకునేవాళ్లు దొరికితే ఊరికే ఇచ్చేస్తానన్నాడు.

ఆ చూసుకునేవాళ్లు మా నాయన పెంచలయ్య అని నేనూ అద్నానూ నిశ్చయించాము. నాయనకు ఈ సంగతి ఇంకా తెలియదు. సెలవుల్లో మేపడానికి వచ్చిందని, దానికి తోడుగా అద్నాన్ కూడా మా ఇంట్లోనే ఉంటాడని మాత్రమే చెప్పాము.

ఊరికే పెట్టుకోమంటే నాయన పెట్టుకోడు. పనికొస్తుందని చూపించాలి. దానికి మా దగ్గర ఉపాయం ఉంది. ఫోన్లో చూశాము: అమెరికాలో మా వయసు పిల్లలు గుర్రమెక్కి పెద్ద పెద్ద ఆవుల మందలను తోలుతున్నారు. వాళ్లు దాన్ని రాంచ్ అంటారు. మేము గొర్రెల కొట్టం అంటాము. తేడా గుర్రం ఒక్కటే.

తీర్మానం:
రోజూ తెల్లవారగానే స్వారీ.
మే నెలాఖరుకు మంద మొత్తాన్ని గుర్రం మీద నుంచే తోలడం.
నడిచి గొర్రెలు కాయడం నేటితో బంద్.

నాయన బేగం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఇది ఏం తింటుందని అద్నాన్‌ను అడిగాడు. గడ్డి అన్నాడు వాడు.

"గొర్రెలు తినేది గూడా అదే కదప్పా" అని నాయన లోపలికి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 29

తెల్లవారగానే లేచాము. ఎవరు ముందు ఎక్కాలన్న దగ్గర ఒక కొత్త విషయం బయటపడింది. అద్నాన్ ఇంతవరకు ఎన్నడూ గుర్రం ఎక్కలేదు.

"ఎక్కేది పెండ్లికొడుకు. మేము పట్టుకోని నడుస్తాం, అంతే" అన్నాడు.

కాబట్టి వాడు కళ్లెం పట్టుకున్నాడు, నేను గోడ మీద నుంచి ఎక్కాను. పైన శానా ఎత్తుగా ఉంది. అదిలించాను. బేగం కదలలేదు. కాళ్లతో పొడిచాను. కదలలేదు. బతిమాలాను. చెవి ఒకటి ఇటు తిప్పింది, మళ్లీ అటు తిప్పింది. ఎండ ముదిరేదాకా కూర్చుని దిగాను.

అది కదలలేదు, నేను పడలేదు. మొదటి రోజుకు ఇది విజయమే.

మే 1

కిటుకు దొరికింది. బేగం పాట లేనిదే నడవదు. అద్నాన్ ఫోన్లో బ్యాండు మేళం పెట్టగానే తల ఎత్తింది. అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. ఆగింది. ముందరి కాలు ఎత్తి కాసేపు ఆడింది. మళ్లీ రెండు అడుగులు.

ఊరేగింపు అంటే అంతే కదా, ఎవరికీ తొందర ఉండదు. కానీ మా వేరుశనగ చేను దాటేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పటికి గొర్రెలు మేసి, నీళ్లు తాగి, కానుగ చెట్టు కింద నెమరు వేస్తున్నాయి. వాటిని నాయన నడిచే తోలాడు.

రేపు కొంచెం వేగం ఉన్న పాట పెట్టాలి.

మే 4

వేగం ఉన్న పాట పెట్టాము. ఎక్కువ ఆడింది, తక్కువ నడిచింది.

స్వారీ లేదు. ఫోన్లో చార్జింగ్ లేదు. కరెంటు కూడా లేదు. తొడలు ఒరుసుకుపోయాయి. ఇవన్నీ ఒకేసారి రావడం మా తప్పు కాదు.

తీర్మానంలో లేనివి మాత్రం జరుగుతున్నాయి. మా అమ్మ ఆదిలక్ష్మమ్మ దాన్ని బేగమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. పొద్దున్నే తవుడు నీళ్లు కలిపి పెడుతోంది. గొర్రెపిల్లలు దాని కడుపు కింద నీడకు చేరి పడుకుంటున్నాయి. అవి లేచేదాకా బేగం కాలు మార్చి నిలబడదు. చూడటానికి బాగానే ఉంది. కానీ రాంచ్‌లలో ఇలాంటివి ఉండవు.

మే 8

ఈ రోజు బేగం నడిచింది. చక్కగా, ఆగకుండా నడిచింది.

ఓట్ల ప్రచారం జీపు డప్పులతో మా దారిన పోయింది. నేను పైన ఉన్నాను, అద్నాన్ కళ్లెం వదిలేశాడు. (చెయ్యి చెమట పట్టిందట.) బేగం ఆ జీపు వెనక చేరి ఊరంతా తిరిగింది. నేను దిగలేను, ఆపలేను. జీపులోని మనిషి నా మెడలో కండువా వేశాడు. జనం మిద్దెలెక్కి చూశారు. చిన్న పిల్లలు నాకు దండాలు పెట్టారు.

చివర ఎదురుగా ఇంకో పార్టీ జీపు వచ్చింది. దాని డప్పులు ఇంకా గట్టివి. బేగం మర్యాదగా అటు తిరిగింది. కండువా తీయడం నాకు గుర్తు రాలేదు.

సాయంత్రం ఇంటికి రెండు పార్టీల వాళ్లూ వచ్చి వెళ్లారు. నాయన వాళ్లకు నీళ్లు ఇచ్చి, మజ్జిగ ఇచ్చి, దండం పెట్టి పంపించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"రేపు ఎవురన్నా వొచ్చి మీది ఏ పార్టీ అని అడిగితే, మా గుర్రాన్ని అడగండి అని చెప్పల్నా?"

మే 12

స్వారీ నిలిపివేశాము. మానేయలేదు, నిలిపివేశాము. కారణాలు: ఓట్లు అయ్యేదాకా బయటికి తీయవద్దని నాయన ఆజ్ఞ. ఎండలు. గుర్రానికీ విశ్రాంతి కావాలి.

ముబారక్ మామ ఫోన్ చేశాడు. బట్టీ యజమాని తొందర పెడుతున్నాడట. ఎవరైనా దొరికారా అని అడిగాడు. దొరికారని అద్నాన్ చెప్పేశాడు. ఎవరని ఆయన అడగబోతుంటే సిగ్నల్ పోయిందన్నాడు. సిగ్నల్ నిండుగా ఉంది, నేను చూశాను.

మే 19, ఆదివారం

ఇది రాయడానికి చేతులు రావడం లేదు. వరసగా రాస్తాను.

పొద్దున బేగంను మందతోనే మేతకు వదిలాము. నేనూ అద్నానూ కానుగ చెట్టు కింద ఫోన్లో స్వారీ పాఠాలు చూస్తున్నాము. జీను మీద నిటారుగా ఎలా కూర్చోవాలో ఒక తెల్లదొర బాగా చెబుతున్నాడు.

ఊళ్లో అబ్దుల్ వాహిద్ గారి కూతురి పెళ్లి. పెళ్లికొడుకు షాకీర్‌ది జమ్మలమడుగు. వాళ్లు దిగగానే బ్యాండు మొదలైంది. మేము తల ఎత్తేసరికి బేగం రోడ్డు మీద ఉంది. తాడు నేల మీద ఈడుస్తూ, తల ఎత్తి నడుస్తోంది. దాని వెనక మా మంద మొత్తం, బడిపిల్లల్లాగా వరసగా పోతోంది.

పరుగెత్తాము. అందలేదు.

బేగం నేరుగా షామియానాలోకి వెళ్లి, పూలు కట్టిన కారు పక్కన, పెళ్లికొడుకు ఎదురుగా నిలబడింది. గొర్రెలు రెండుగా చీలాయి. సగం కారు మీది పూలు అందుకున్నాయి. సగం వంటల వైపు వెళ్లాయి. అక్కడ బిర్యానీ కోసం కడిగి కుప్ప పోసిన పుదీనా, కొత్తిమీర ఉన్నాయి. వంట మనిషి పొయ్యి మీది దేగ్చా పక్కన గరిటె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"నలభై ఏండ్లుగా వొండుతాండా. నడుచుకుంటా దేగ్చా కాడికి వొచ్చిన గొర్రెల్ని ఈ పొద్దే చూసేది" అన్నాడు పక్కవాడితో.

కారుకు పూలు లేవు. బోనెట్ మీద పొట్టేలు ఉంది. షాకీర్ మేనత్త ఒకామె, గుర్రం తనంతట తాను వచ్చి నిలబడితే ఇంక కారెందుకు అంది. షాకీర్ నవ్వి ఎక్కేశాడు. అద్నాన్ పోయి కళ్లెం పట్టుకున్నాడు. బ్యాండు వాళ్లు అందుకున్నారు.

అప్పుడు చూశాను. ఇన్నాళ్లు మేము ఎండలో నిలబెట్టి అదిలించిన గుర్రం ఇది కాదు. ప్రతి దెబ్బకూ ఒక అడుగు. మెడ వంచి, కాలు ఎత్తి, పైన మనిషి కుదుపు తెలియకుండా ఆడింది. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. అద్నాన్ ముఖం కూడా మారిపోయింది. వాడు అంత నిటారుగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను మాత్రం కుర్చీల కింద నుంచి గొర్రెలను లాగుతున్నాను.

నాయన మోపెడ్ మీద వచ్చేసరికి వాహిద్ గారు వంటల దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన గొంతు పెంచలేదు, అందుకే ఇంకా భయం వేసింది.

"పెంచలయ్యా, పుదీనా లేకుండా బిర్యానీ ఎట్ల దించేది? జమ్మలమడుగోళ్లకు నేనేం జవాబు చెప్పేది?"

నాయన మంద వైపు ఒకసారి చూశాడు. మచ్చల పొట్టేలు కొమ్ము పట్టుకుని తెచ్చి ఆయన ముందు నిలబెట్టాడు.

"ఇది పాప పెండ్లికి నా తరఫున. మన మధ్య మాట పెరగనీయాకు వాహిదన్నా."

వాహిద్ గారు నాయన భుజం తట్టారు. అన్నం తినకుండా పోకూడదని పట్టుబట్టారు. పొట్టేలును వియ్యాలవారి లారీలో ఎక్కించారు, మర్నాడు పెళ్లికొడుకు ఇంట జరిగే వలీమా విందుకు.

తల్లి పాలివ్వకపోతే సీసాతో పాలు తాగించి నేను పెంచిన పొట్టేలు అది. నాయనకు తెలియకుండా ఉంటుందా? తెలుసు. మందలో దానికంటే మంచిది లేదు, అందుకని దాన్నే ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక అద్నాన్ నిజం మొత్తం నాయనకు చెప్పేశాడు. బట్టీ సంగతి, గడువు సంగతి, మా ఉపాయం సంగతి. నాయన అంతా విన్నాడు. నెలాఖరుకు గుర్రాన్ని తీసుకుపొమ్మని ముబారక్‌కు ఫోన్ చెయ్యమన్నాడు.

మే 20

షాకీర్ వాళ్ల నాన్న మా ఇద్దరినీ పేరుపేరునా వలీమాకు పిలిచాడు. పోనని అమ్మతో ఖండితంగా చెప్పాను. మొదటి బస్సుకు జమ్మలమడుగు పోయాను.

మొదటి ముద్ద చాలా బాగుంది. అప్పుడు గుర్తొచ్చింది. రెండో ముద్ద దిగలేదు. అద్నాన్ నన్ను చూసి తన ప్లేటు కూడా పక్కన పెట్టాడు. ఇద్దరమూ ఖీర్ మాత్రం తాగి వచ్చాము. 

మే 24

స్వారీ మాట ఎత్తడం లేదు. ఆ వీడియోలు కూడా తీసేశాను.

ఇంట్లో వింత జరుగుతోంది. నాయన బేగంను పాకలో కట్టేసి మందను తోలుకుని పోయాడు. గొర్రెలు వాగు దాకా పోయి వెనక్కి తిరిగి పాక ముందు నిలబడ్డాయి. మళ్లీ తోలాడు. మళ్లీ వచ్చాయి. మూడోసారి నాయన కర్ర పారేసి, బేగం తాడు విప్పాడు.

ముందు నాయన, వెనక బేగం, దాని వెనక మంద. అరుపు లేదు, అదిలింపు లేదు. ఏ గొర్రె పక్క చేనులో మూతి పెట్టలేదు. రెండేళ్లుగా నాయనకు మోకాలి నొప్పి, మంద చుట్టూ పరుగెత్తి ఇంటికి వచ్చి కాలు చాపి కూర్చునేవాడు. ఈ రోజు వచ్చి నేరుగా భోజనానికి కూర్చున్నాడు.

 తిన్నాక అమ్మను కొంచెం దూది అడిగాడు. దిండు చించి ఇచ్చింది. బేగం చెవుల్లో పెట్టడానికట. బ్యాండు మోగినా వినపడకూడదు.

మే 28

ముబారక్ మామ వచ్చాడు. బట్టీ యజమాని కూడా వెంట వచ్చాడు. లారీ గేటు దగ్గర ఆపారు. అద్నాన్ పొద్దుటి నుంచి బకెట్ వదలలేదు. నిండుగా ఉన్న తొట్టిలోకే నీళ్లు పోస్తున్నాడు.

గుర్రం ఎక్కడని మామ అడిగాడు. మంద ముందర ఉందని నాయన చెప్పాడు. ముగ్గురూ చేను దాకా నడిచి చూశారు. బట్టీ యజమాని దాని కాళ్లు తడిమి, పనికొస్తుందన్నాడు.

"ఈడ పనిలోనే ఉండాది" అన్నాడు నాయన.

మామకు అర్థం కాలేదు. దీన్ని ఎవరు ఎక్కుతున్నారని అడిగాడు.

"ఎవురూ ఎక్కరు ముబారకప్పా. ఎక్కితే నిలబడిపోతాది. ముందర నడిస్తే సాలు. నువ్వు ఊరికే ఇస్తానన్న మాట నిజమైతే, ఇది యాడికీ రాదు."

మామ బేగం మెడ నిమిరాడు. తర్వాత దాని చెవిలోని దూది చూసి, ఇదేమిటని అడిగాడు. నాయన చెప్పాడు. మామ నవ్వాపుకోలేక గట్టు మీద కూర్చుండిపోయాడు. బట్టీ యజమానికి మజ్జిగ ఇచ్చి పంపించాము.

అద్నాన్ తొట్టి పొర్లిపోతున్నా ఆపలేదు. నేను వెళ్లి బకెట్ తీసుకున్నాను.

మే 30

నిన్న రాత్రి కూర్చుని ఆలోచించాము. ఎక్కడ పొరపాటు జరిగిందో తేలింది. మేము ఆలస్యంగా లేస్తున్నాము. గుర్రానికి తెల్లవారుజామున బుద్ధి నిలకడగా ఉంటుందట, అద్నాన్ ఎక్కడో చదివాడు. కాలేజీలు తెరవబోతున్నారు, అంతలోపు ఒక్కసారైనా స్వారీ చేసి తీరాలి. చీకటితోనే లేవాలని చేతిలో చెయ్యి వేసుకున్నాము.

లేచాము. పాక ఖాళీగా ఉంది. కొట్టమూ ఖాళీగా ఉంది. అమ్మను అడిగితే, నాయన ఎప్పుడో వెళ్లాడని కొండ వైపు చూపించింది. దూరంగా ఏటవాలు మీద బేగం తెల్లగా కనిపిస్తోంది. వెనక గొర్రెలన్నీ ఎక్కుతున్నాయి. నాయన వాటి ముందు చేతులు ఊపుకుంటూ, తీరిగ్గా నడుస్తున్నాడు. ఏదో పాడుతున్నట్టుంది. మా నాయన పాడతాడని నాకు తెలియదు.

పిలుద్దామా అన్నాడు అద్నాన్. వద్దన్నాను. గట్టు మీద కూర్చుని వాళ్లు కొండ దాటేదాకా చూశాము.

రేపు ఇంకా ముందే లేస్తాము. రేపటి నుంచి స్వారీ ఖాయం.