సర్పంచ్ కన్నీళ్లు

నాయనా,

బాగున్నావా? నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం... అమ్మ కూడా. ఈ మాట ఇప్పుడు ధైర్యంగా రాయగలుగుతున్నాను. ఎందుకో చెబుతాను.

ముందు నీ కుక్క సంగతి. నువ్వు పోయిన కొన్నాళ్లకే దాని కుడి కంట్లో నీళ్లు కారడం మొదలైంది. పెట్టిన అన్నం సగం తిని, చేనుకు వెళ్లే బాటలో కూర్చునేది. కన్ను సగం మూసి, ముక్కు పక్కన తడి చారతో... మన కోడేరులో ఎవరు చూసినా ఒకటే మాట: "పెద్దాయన కోసం ఏడుస్తున్నది. దానికెంత పాయిరమో." దాన్ని చూడడానికే ఇంటికి వచ్చినవాళ్లున్నారు, తెలుసా?

దానికి సర్పంచ్ అని పేరు పెట్టింది నువ్వే. పొద్దున లేస్తే వాడలన్నీ తిరిగి చూసుకొస్తుందని. "అసలు సర్పంచ్ వింటే ఏమనుకుంటడు" అని అమ్మ భయపడితే, "ఆయన ఐదేండ్లకు దిగిపోతడు, ఇది దిగదు" అనేవాడివి.

ఆ కుక్క ఏడుపే అమ్మకు ఆసరా అయింది. సాయంత్రం దాని పక్కన కూర్చుని తనూ కళ్లు తుడుచుకునేది. "నేనే గాదు, ఇంకొకటి గూడ ఏడుస్తున్నది గదా" అనేది. నవ్వడం మానేసింది. చేనుకు రావడమూ మానేసింది. ఈసారి పల్లి విత్తనం నేనొక్కదాన్నే దగ్గరుండి వేయించాను...

తర్వాత సర్పంచ్ కంటి మీద తెల్లటి పొర కమ్మింది. దుఃఖానికి పొర కమ్ముతుందా? ఒక మధ్యాహ్నం దాని మొహం మీది ఈగలు తోలి, రెప్ప ఎత్తి చూశాను. లోపల సన్నటి తెల్ల దారం. తీద్దామని వేలు పెట్టబోతే అది కదిలింది.

అమ్మకు ఎట్లా చెప్పను? ఆ ఏడుపు నీ కోసం కాదేమో అని ఏ నోటితో అనను? కన్ను చూపించాలని మాత్రం చెప్పి, సర్పంచ్‌ను ఆటోలో నాగర్‌కర్నూల్ పశువుల దవాఖానకు బయలుదేరదీశాను. అమ్మ తనే వచ్చి ఎక్కింది. దారంతా దాని తల ఒడిలో పెట్టుకుంది.

"మా ఇంటాయన పోయినకాడికెల్లి ఏడుస్తున్నది మేడమ్" అంది అమ్మ. డాక్టరమ్మ కంట్లో మత్తు చుక్కలు వేసింది. సన్నటి పట్టకారుతో లోపలి రెప్ప కింది నుంచి ఒక పురుగును లాగింది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి... తడి దూది మీద అవి మెలికలు తిరుగుతున్నాయి.

"కంటి నీళ్లు తాగే ఈగలుంటయమ్మా. అవి వాలినప్పుడు వీటి పిల్లలు కంట్ల పడతయి. అది ఏడుస్తలేదు, ఇవి లోపల గీకుతున్నయి" అంది డాక్టరమ్మ.

అమ్మ దూదిని చూసింది. కుక్కను చూసింది.

"అంటే... ఊరంత వచ్చి పలకరించింది గీ పురుగులనా?" అంది.

అంటూనే నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, బల్ల పట్టుకుని నవ్వింది. డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నువ్వు పోయాక అమ్మ నవ్వు వినడం అదే మొదలు, నాయనా.

తిరిగొచ్చేటప్పుడు "మీ నాయన ఉంటే గీ ముచ్చట సంతలన్ని తిరిగి చెప్పెటోడు" అంది. నువ్వు లేవు కాబట్టి ఇప్పుడు తనే చెబుతోంది. ఒక్కో ఇంట్లో ఒక్కో పురుగు పెరుగుతోంది.

సూది మందు వేశారు, చుక్కలు రాసిచ్చారు. వేసే పని అమ్మదే. పొర కరిగింది, ఒక మూల చిన్న మచ్చ మిగిలింది. అయినా అది ఇంకా పొద్దున్నే ఆ బాటలో కూర్చుంటోంది, రెండు కళ్లూ తెరుచుకుని. ఎవరి కోసం? దాన్నెట్లా అడగను?

అమ్మ మాత్రం అడగదు. "లే, చేనుకు పోదాం" అంటుంది. ఇద్దరూ ముందు నడుస్తారు, నేను వెనక సద్ది పట్టుకుని.

పల్లికాయ బాగా ఊరింది. పెరికిన రోజు మొదటి గంపలోవి ఉడకబెట్టి నీ సమాధి గట్టు మీద పెడతాం. ఇప్పుడు నీకు బీపీ భయం లేదు కదా... ఉప్పు గట్టిగానే వేస్తాం.

నీ బిడ్డ,
సుజాత