అక్షింతల పురుగు పిల్లలు

జగిత్యాల

బాపుకు,

ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను.

దసరా సెలవుల్లో మన పత్తిచేనులో నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసళ్లలా పాకే పురుగులు కనిపించాయి కదా. "ఇవేం పురుగులు బిడ్డా?" అని అడిగావు. నాకు తెలియదు. ఆ మాట అనలేకపోయాను. వ్యవసాయ డిగ్రీ చదువుతున్నానని నువ్వు అందరికీ చెప్పుకుంటావు. పక్క చేను లింగమూర్తి మామ కూడా అక్కడే ఉన్నాడు. "ఆకు తినే పురుగులే, మందు కొట్టుండ్రి" అన్నాను. "మా వినోద చెప్పిందంటె అంతే" అని నవ్వావు. నువ్వు మందు కొట్టావు, మామ కూడా తన చేనులో కొట్టాడు.

నిన్న క్లాసులో మేడం తెర మీద అదే పురుగును చూపించింది. అక్షింతల పురుగు లార్వా అట. అంటే పిల్ల దశ. పెద్దయ్యాక ఎర్రగా, గుండ్రంగా ఉంటుంది, అప్పుడైతే ఎవరైనా గుర్తుపడతారు. పిల్లకు తల్లి పోలిక ఒక్కటీ ఉండదు. ఆకుల రసం పీల్చే పేనుబంకను తిని చేనును కాపాడేది ఆ పిల్లేనట. గుడ్డు, లార్వా, ప్యూపా అని పరీక్షలో వరుస తప్పకుండా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, కళ్లముందు పాకుతుంటే పోల్చుకోలేకపోయాను.

"పేనుబంకతోని ఆకులన్ని ముడుచుకపోయినయి, లింగమూర్తి చేను మరీ ఖరాబైంది" అని మొన్న నువ్వే అన్నావు. ఆయనది కౌలు చేను బాపూ. ఏ ముఖంతో ఎదురుపడను? సిగ్గుతో చచ్చిపోతున్నాను. నాకీ చదువు వద్దు. టీసీ తీసుకుని వచ్చేస్తాను.

నీ బిడ్డ,
వినోద

హుజూరాబాద్

చిరంజీవి వినోదకు,

నీ ఉత్తరం చదివి లింగమూర్తి ఇంటికి పోయాను. మందు కొట్టమన్నది నేనే, పిల్లను ఏమీ అనకు అన్నాను. "నేను గాడనే ఉన్న గద బావా, అబద్ధమెందుకు?" అన్నాడు. తలదించుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. కోపం వచ్చింది, రాదా మరి. ఆ తర్వాత, "ఏటా గవి కనవడంగనే కొడుతనే ఉన్న. అయితె ఇన్నేండ్లు నా చేతులతోనే చంపుకున్ననా?" అన్నాడు.

చేనుకు తీసుకుపోయాడు. గట్టు మీది జొన్నల్లో ఏవో పురుగులు పాకుతున్నాయి. "గివేనా బావా?" అని అడిగాడు. నాకేం తెలుసు? "పిల్లనే రమ్మను" అన్నాడు.

టీసీ మాట మళ్లీ ఎత్తకు. ఆదివారం రా. ముందు మామకు నీ నోటితో తప్పైందని చెప్పు, నీ బదులు నేను చెప్పను. ఆ తర్వాత ఆ పురుగులను చూడు. తెలియకపోతే తెలియదను.

అప్పటిదాకా నేనూ మామా ఇద్దరం పురుగుల మందు ముట్టము.

నీ బాపు,
సదానందం