నా కుక్కను నాకు తిరిగి ఇప్పించవద్దు

పోలీస్ స్టేషన్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చోరీకి గురై, తమ సిబ్బంది చొరవతో దొరికిన నా కాపలా కుక్కను నాకు అప్పగించకుండుటకును, పిల్లలపై చర్యలు నిలుపుదల చేయుటకును ప్రార్థన.

కలప అడితి యజమానినైన నేను విన్నవించుకొనునది:

1. అడితి గేటు వద్ద కట్టియున్న కుక్కను దుండగులు అపహరించిరని గత వారం ఫిర్యాదు చేసియున్నాను. దొంగలు గొలుసును చుట్ట చుట్టి, నీళ్ల గిన్నెను తోమి బోర్లించి పోవుట నన్ను అవమానించుటకేనని అందులో రాసితిని. కుక్కను విప్పుకుపోయిందీ, ఆ గిన్నె తోమిందీ మా అమ్మాయీ, దాని స్నేహితులూ. అవమానించడానికి కాదు. గిన్నె పాచి పట్టి ఉంది.

2. సదరు గొలుసు పొడవును ఫిర్యాదులో పేర్కొనలేదు. కుక్క కూర్చోగలదు, పడుకోలేదు. పడుకుంటే నిద్రపోతుందని, నిద్రపోతే మొరగదని నేనే కురచగా కట్టాను.

3. గుర్తింపు నిమిత్తం తమ కానిస్టేబుల్ గారితో, కుక్క దొరికిన చోటైన రిటైరైన నర్సమ్మ గారి ఇంటికి వెళ్లగా, సదరు కుక్క గుమ్మంలో కాళ్లు బార్లా చాపి నిద్రించుచుండెను. నా గొంతు వినగానే లేచి నిటారుగా కూర్చున్నది. ఆ ఇంట్లో గొలుసు లేదు. అయినా కూర్చున్నది. నాకు తల కొట్టేసినట్టయింది.

4. ఎందుకు దాచావని అమ్మాయిని గద్దించగా, "నీతో చెప్తే గొలుసు పొడుగు చేస్తావు నాన్నా, విప్పవు కదా" అన్నది. వీళ్లు ఇంతకుముందు ఒక కుంటి గాడిదకూ, రెండు పిల్లులకూ ఇట్లాగే ఇళ్లు మార్చారట. వాటి యజమానులెవరూ ఫిర్యాదు చేయలేదు. సిగ్గుపడి ఉంటారు. నాకు ఆ సిగ్గు కూడా లేకపోయింది.

కావున నా ఫిర్యాదు రద్దుపరచి, రేపు పిల్లలను స్టేషనుకు పిలిపించక, కుక్కను నర్సమ్మ గారి వద్దనే ఉండనిచ్చి, అందుకు నాపై ఏ చర్య తీసుకున్నను సమ్మతమేనని దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అడితి యజమాని

తా.క. కొత్త ఇల్లు ఎంచడానికి పిల్లలకొక పద్ధతి ఉందని నిన్ననే తెలిసింది. మిట్టమధ్యాహ్నం వెళ్లి దాహం అడుగుతారు. ఎవరి పిల్లలని ఆరా తీయకుండా నీళ్లిస్తే ఆ ఇల్లు ఖాయం. కుక్కను తీసుకుపోయే ముందు ఇద్దరు మా గేటుకీ వచ్చారు. "మా నాన్ననీ ఒకసారి చూద్దాం" అని మా అమ్మాయే పంపిందట. నీళ్లిస్తే కుక్కను నా దగ్గరే ఉంచి, గొలుసు విప్పమని అడుగుదామనుకున్నారట. నేను కసిరి తరిమేశాను.

ఇప్పుడు గేటు దగ్గర నీళ్ల కుండ పెట్టాను. ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు. తమరు విచారణకు వచ్చేటట్టయితే, దయచేసి దాహంతో రండి.