పిల్లల చేతికి సరిపోయే రాకెట్

నాన్నా,

ఈ ఉదయం చిక్కడపల్లి అకాడమీలో ఒక పాప షటిల్ రాకెట్‌ను మధ్య కడ్డీ దగ్గర కాకుండా పిడి దగ్గరే పట్టుకుంది. నువ్వు చూడాల్సింది.

ఫ్రేములు చేసే యాదగిరిగారు, అకాడమీ కోచ్‌గారు, రాకెట్లకు గట్ తీగలు బిగించే మన కొట్టు కలిస్తేనే పిల్లల చేతికి సరిపోయే రాకెట్ వస్తుందని ఎంతకాలం చెప్పావో. ఎవరి కొలతలు వాళ్లు దాచుకున్నారు. నువ్వు పోయాక మన కొట్టులోనే కూర్చుని అన్నీ చెప్పుకున్నారు. కోచ్‌గారు పిడి సన్నగా కావాలన్నారు. యాదగిరిగారు అలాగే చేయించారు.

“గట్ జర లూజ్‌గ ఉండాలె. మీ నాన్న గిదే చెప్పిండు బిడ్డా, మేమే వినలే. ఉంటే ఇయ్యాల మమ్మల్ని మస్తు ఆటపట్టిస్తుండె” అన్నారాయన. నేను టీ తెచ్చాను. ఆ రోజు నీ స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు.

తర్వాత ఆ స్టూలు మీద కూర్చుని, పాప రాకెట్‌కు గట్ బిగించింది నేనే.