డ్రెస్సాజ్ పోటీకి ముందురోజు

నాయనా,

నువ్వు చేర్పించిన గుర్రపు స్వారీ క్లాసు తరఫున రేపు నా మొదటి డ్రెస్సాజ్ పోటీ. నా గుర్రం రాణిని చెప్పిన దారిలో, చెప్పిన నడకలో తిప్పి, చివర జడ్జి ముందు కదలకుండా నిలపాలి. ఈపొద్దు అదే కుదరలేదు. నిలిపిన ప్రతిసారీ కాళ్ళు మారుస్తూనే ఉంది. "నీకే నిలకడ లేదు, దానికెట్ల వస్తుంది?" అన్నారు మాస్టరు. ఇంటికొచ్చినా కూర్చోలేక, హాల్లో ఆ దారే నడుస్తున్నా.

నువ్వు పోయినప్పటినుంచి అమ్మ ఈ సింగానల్లూరు ఇంటి గడప దాటలేదు. నేను తిరిగేది చూసి చూసి, "కొంచెం నిలబడు కణ్ణూ," అనింది. తర్వాత మెల్లగా అడిగింది, "రేపు నేనొస్తే గుర్రం బెదురుతుందా?"

"బెదరదమ్మా, రా," అన్నా.

నేనింకా హాల్లో ఆ దారే తిరుగుతున్నా. అమ్మ మాత్రం బీరువా తెరిచి, ఏ చీర కట్టాలో చూస్తా ఉంది.