పదమూడో ఎక్కం

సన్నీవేల్,
మంగళవారం.

అమ్మకి,

నేను బాగానే ఉన్నాను. నేపర్‌విల్‌లో నువ్వూ నాన్నా కూడా బాగానే ఉన్నారని పార్సిల్‌లో పెట్టిన నీ ఉత్తరం చూస్తే తెలిసింది. కారప్పొడి సీసా పగల్లేదు. గోంగూర మాత్రం మూత వదులై కారి, ఉత్తరం చివరి పేజీకి అంటుకుంది. అయినా చదవగలిగాను.

అడిగినవాటికి ముందు జవాబులు. తింటున్నాను. రూమ్ మారలేదు, ఉద్యోగం మారింది. ఈ ఏడాదిలో మూడోది. ఇప్పుడు సైకిళ్ళు రిపేర్ చేసే షాపులో ఉన్నాను. ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళే ఇంజనీర్లు పొద్దున్నే వచ్చి బ్రేకులు బిగించమంటారు. సగంమంది మనవాళ్ళే. తెలుగువాణ్ణని నేను చెప్పను. చెబితే, తర్వాత ఎక్కడ చదివావని అడుగుతారు. మధ్యలో మానేసిన హైస్కూల్ పరీక్షకి మళ్ళీ కట్టావా అన్నావు. కట్టలేదు. కడతానని ఈసారి రాయను.

తాతయ్య నటించిన ఎపిసోడ్ గురించి ఇంటర్నెట్‌లో జనం రాసినవన్నీ తెలుగులో రాసి పంపమన్నావు, శనివారం క్లబ్‌హౌస్‌లో మనవాళ్ళకి ఎపిసోడ్ వేసేముందు చదువుతానని. ఆ పాత బ్రిటిష్ గూఢచారి సీరియల్‌ని ఇంకా తలుచుకునేవాళ్ళు ఎక్కువమంది లేరు. ఈ ఎపిసోడ్ కింద మొత్తం ఇరవై మూడు అభిప్రాయాలున్నాయి. హీరో కోటు బాగుందని ఒకరు, ఎడారి అంతా స్టూడియోలో పోసిన ఇసుకేనని ఒకరు, మొదటి పావుగంట నిద్రొచ్చిందని నలుగురు. తాతయ్య మాట ఐదింట్లోనే ఉంది.

లీడ్స్ ఆయన ఒకడు, చిన్నప్పుడు తాతయ్య వేసిన గుడ్డి బిచ్చగాడు శాపం పెట్టడం చూసి సోఫా వెనక దాక్కున్నానని, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందని నాలుగు స్టార్లు ఇచ్చాడు. ఒకావిడ, అది అసలైన ప్రాచీన పర్షియన్ శాపమని, కాలేజీలో ప్రొఫెసర్ చెప్పాడని రాసింది. ఆవిడ మాటని ముప్ఫై ఒక్కమంది మెచ్చుకున్నారు. ఇంకొకడు, అది ఏ భాషా కాదు, తెల్లగా లేనివాడు ఎవడో దొరికితే తలపాగా చుట్టి నోటికొచ్చింది వాగించారని రాశాడు. వాడిచ్చింది ఒక్క స్టార్. చేతిలో కర్ర తప్ప ఏమీ లేని ముసలివాణ్ణి హీరో అలా కాల్చడం ఏమిటని ఒకరు బాధపడ్డారు. ఆఖరిది పద్నాలుగేళ్ళ కిందటి ప్రశ్న. ఆయన మాట్లాడింది ఏ భాషో ఎవరికైనా తెలుసా అని. ఎవరూ జవాబివ్వలేదు.

ఇవేవీ హాల్లో చదవకు. కనీసం ఈ ఉత్తరం అయ్యేదాకా ఆగు.

మార్చిలో ఒకరు పాత సామాను అమ్మే గరాజ్ సేల్‌లో ఆ సీరియల్ డిస్కులు దొరికాయని ఫోన్ చేశాను, గుర్తుందా? అప్పటికే చూసేశాను. నీకు ఎనిమిది నెలలున్నప్పుడు చదువుకని లండన్ వెళ్ళి, అక్కడ టీవీలో ఈ సీరియల్‌లో వేషం వేశానని ఒక్క ఉత్తరం రాసి, మళ్ళీ పత్తా లేకుండా పోయిన మనిషి. ఆయన గొంతు నీకు గుర్తు కూడా లేదు. నువ్వు మెల్లిగా అడిగావు.

"మా నాన్న ఏమన్నాడ్రా?"

"నిన్నే పిలిచాడమ్మా. త్రివేణీ అని. తర్వాత అమ్మమ్మని."

"ఇంకోసారి చెప్పు" అన్నావు. చెప్పాను. ఫోన్లో వినిపించమంటే, డిస్క్ మీద గీతలు పడ్డాయి, అక్కడ మాట రావట్లేదు, బాగుచేయించి పంపుతానన్నాను. డిస్క్‌కి ఏమీ కాలేదు.

తాతయ్య నిన్ను పిలవలేదు. అమ్మమ్మనీ పిలవలేదు. పదమూడో ఎక్కం చదివాడు.

కర్ర పైకెత్తి, కళ్ళు తేలేసి, పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు అని కోపంగా, గట్టిగా చదువుతాడు. లీడ్స్ ఆయన దాక్కున్నది దానికే. పదమూడు ఎనిమిదులు నూట నాలుగు అన్నాక హీరో కాలుస్తాడు. నువ్వు వంటింట్లో గరిటె పట్టుకుని అప్పజెప్పించుకుంటే నేను ఎప్పుడూ ఆ ఎనిమిది దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఆయన ఎక్కడా తడబడలేదు.

షూటింగ్‌లో, మీ భాషలో కోపంగా ఏదో ఒకటి అనమని చెప్పి ఉంటారు. ఏమన్నా చెల్లేది, అక్కడ ఎవరికి తెలుస్తుంది? ఉయ్యాల్లో వదిలేసి వచ్చిన పిల్ల పేరు అనొచ్చు. ఆయనకి ఎక్కం గుర్తొచ్చింది. ఇరవైసార్లు చూశాను, ఏమైనా వేరేలా వినబడుతుందేమోనని. ఎక్కమే.

ఎందుకు అబద్ధం చెప్పావని అడుగుతావు. మర్నాడే శాంతి ఆంటీకి "మా ఉదయ్ కనిపెట్టాడు" అని చెప్పావట. అంతకుముందు మూడేళ్ళు నువ్వు నా పేరే ఎత్తలేదు. ఎవరైనా గుచ్చి అడిగితే స్టార్టప్‌లో ఉన్నాడన్నావు. వాళ్ళబ్బాయి ఆర్యన్, మీ కంపెనీలో ఖాళీలున్నాయా అన్నా అని మెసేజ్ పెడితే నాకు తెలిసింది. ఉన్నాయి, పంక్చర్ వెయ్యడం వచ్చా అని టైప్ చేసి చెరిపేశాను. నీ పరువు కాపాడాను. ఇప్పుడు నిన్ను తప్పు పట్టే మొహం నాకు లేదు, అయినా పడుతున్నాను. తాతయ్య మాటలకి నేను వేసిన అర్థం లాంటిదే, నాకు నువ్వు వేసింది కూడా.

నీ ఒక్కదానికే చెప్పిన అబద్ధం కదా, పోనీలే అనుకున్నాను. నువ్వు హాలు బుక్ చేశావు. తెలుగు రాని పిల్లల కోసం తెర మీద కింద ఇంగ్లిష్‌లో నీ పేరు వెయ్యమన్నావు. పిల్లల సంగతి సరే, వెనక కుర్చీల్లో కూర్చునే అరవైమంది పెద్దవాళ్ళకి ఎక్కాలు వచ్చు. కంటతడి పెట్టుకోడానికి రుమాళ్ళతో వచ్చినవాళ్ళు నీ ముందే నవ్వుతారు. అది జరగకూడదనే ఇది రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు మళ్ళీ "ఇంకోసారి చెప్పు" అంటావు, నేను మళ్ళీ చెబుతాను. లింక్ పంపితే ఇది చదవకుండానే చూస్తావు.

నిన్న ఆ పేజీలో ఆ ప్రశ్నకి జవాబు పెట్టాను. తెలుగు. పదమూడో ఎక్కం. చదివినాయన పేరు రాజారావు, మా అమ్మ వాళ్ళ నాన్న. జవాబు పెట్టాలంటే స్టార్లు కూడా ఇవ్వాలంది. ఒకటి నొక్కాను.

దీంతోపాటు పెన్‌డ్రైవ్ పెట్టాను. శుక్రవారానికి అందుతుందన్నారు. కింద ఎక్కమే వేశాను, అంకెలతో సహా. ముందు తలుపేసుకుని ఒక్కదానివే చూడు. శనివారం వెయ్యకూడదనుకుంటే ప్రొజెక్టర్ పాడైందని చెప్పు, మనకి అలవాటే. వేస్తే మాత్రం, ముందే నువ్వే లేచి ఎక్కమని చెప్పెయ్యి. అబద్ధం మావాడిదని చెప్పు. మావాడు ఏం చేస్తుంటాడో కూడా అప్పుడే చెప్పెయ్యి. ఒక్కసారే అయిపోతుంది.

ఇట్లు,
నీ కొడుకు ఉదయ్,
సైకిళ్ళ షాపు, సన్నీవేల్.