పెట్టె మీద కూర్చుని రాస్తున్నాను

దావీదూ, నువ్వు పోయి ఏడాది. పాత రేడియో వాల్వులు ఏరి తెచ్చి గిటారుకు నువ్వే చేసుకున్న ఆంప్లిఫయరు ఈ ఉదయం చర్చిలో గుర్రుమని ఆగిపోయింది. కొన్న డబ్బాలో ఈ తీపి రాదని గొప్పలు పోయేవాడివి గదా, అదే. నీ కూతురు రూతు దాని వెనక చెక్క విప్పబోయింది. షాకు కొట్టినా గుండె మీదుగా పోకూడదని నువ్వైతే ఒక చెయ్యి జేబులో పెట్టుకునేవాడివి. ఆ పిల్ల రెండు చేతులూ చాచింది.

"ముట్టద్దు పాపా, షాకు కొడతాది!" అని అరిచాను.

"సాల్లే చిన్నాయనా! మా నాయన్ను గూడా ఇట్లనే బెదరగొట్టి నవ్వుతాంటివి. ప్లగ్గు పీకేసినాను గదా."

నిజమే, నా కేకను ఎవరు నమ్ముతారు? అందుకే ఆంప్లిఫయరు పెట్టె మీదెక్కి కూర్చున్నాను. ప్లగ్గు పీకినా లోపల కరెంటు దాగి ఉంటుందని చెప్పావు. ఎంతసేపో చెప్పలేదు. రూతు స్క్రూడ్రైవరుతో ఎదురుగా నిలబడే ఉంది.